ఎవరో తెరుస్తున్నారు

జూన్ 2, సోమవారం

ఉదయం పదింటికి రూలు ఆన్ చేశాను. ఈలోపు టీ చల్లారిపోయింది.

రూలు చిన్నదే. మా ఆస్పత్రుల గ్రూపుకి క్లౌడ్‌లో బోలెడన్ని స్టోరేజ్‌లు ఉన్నాయి. స్కాన్‌లు, రిపోర్టులు, బిల్లులు, ఎవరో ఎప్పుడో పెట్టి మర్చిపోయినవి. ఒక్కోదానికి ఒక సెట్టింగ్ ఉంటుంది. మా లోపలి నెట్‌వర్క్ నుంచి మాత్రమే రానివ్వాలా, ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచైనా రానివ్వాలా అని. రెండోది పెట్టుకుంటే పని సులువు, అందుకే అందరూ రెండోదే పెట్టుకుంటారు. ఇక మీదట ఎవరు పెట్టినా సరే, నా రూలు గంటకోసారి వచ్చి చూసి మూసేస్తుంది. అడగదు, బతిమాలదు, మొహమాటపడదు. అచ్చం మీలాగే అన్నాడు గొట్టాలాయన.

గొట్టాలాయన మా నెట్‌వర్క్ ఇంజనీరు. ఏ సమస్య చెప్పినా ముందు గొట్టం ఎక్కడ పూడిందో చూద్దాం అంటాడు. అన్నిటికీ గడియ పెడతానని ఆయన నాకు పెట్టిన పేరు గడియక్క. నాకన్నా పెద్దవాడు, అయినా అక్కే. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుంటున్నాను.

రెండు వారాలు ఆడిట్ మోడ్‌లో ఉంచాం. అంటే రూలు చూస్తుంది, రాసుకుంటుంది, దేన్నీ ముట్టుకోదు. ఆ రాతలు చూసి, తెరిచి ఉన్న ప్రతిదానికీ యజమానిని వెతికి పట్టుకున్నాం. వాళ్ళకి లోపలి దారి వేసిచ్చాం. కొన్నింటికి యజమాని పేరే లేదు. లాగ్, అంటే ఎవరు ఎప్పుడొచ్చారో నమోదయ్యే చిట్టా, తీసి చూస్తే ఆ రెండు వారాల్లో వాటి మీద ఈగ కూడా వాలలేదు. ఎవరూ వాడట్లేదని తేల్చేశాం. అందులో ఒకదాని పేరు ట్రయల్-2. ట్రయల్ అని పేరు పెట్టుకున్నదానితో ఎవరికి పనుంటుంది?

మేనేజర్ గారు చప్పట్లు కొట్టించారు. వేరే ఊళ్ళో ఒక ఆస్పత్రి స్కాన్‌లన్నీ నెట్‌లో పడ్డాయని తెలిసినప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు పాపం. ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. అంతా విని, మరి జీతం పెంచుతారా అంది.

జూన్ 3, మంగళవారం

ఎవరూ ఫోన్ చేసి తిట్టలేదు. అనుమానంగా ఉంది.

జూన్ 5, గురువారం

ఎవరో తెరుస్తున్నారు.

ట్రయల్-2నే. మధ్యాహ్నం ఎవరో లాగిన్ అయి సెట్టింగ్ మార్చారు. రూలు వచ్చి మూసింది. మళ్ళీ తెరిచారు. మళ్ళీ మూసింది. సాయంత్రం దాకా ఇదే వరస. సెట్టింగ్ మార్చాక దారి నిజంగా తెరుచుకోవడానికి గంట పైనే పడుతుంది, ఆలోపే రూలు వచ్చేస్తోంది. పని అంతా వదిలేసి స్క్రీన్ ముందు కూచున్నాను. నా రూలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేనైతే రెండోసారికే అరిచేదాన్ని.

లాగిన్ ఎవరిదో తెలియదు. పాతకాలం నాటి ఉమ్మడి అడ్మిన్ లాగిన్, దాని వెనక మనిషి పేరు ఉండదు. వచ్చింది మాత్రం మా బిల్డింగ్ నుంచే. అంటే ఇంటి దొంగ. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి లాగ్ చూడ్డం రాదు కాబట్టి.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు చాలా సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళుగా వస్తాడు వస్తాడు అని అందర్నీ భయపెట్టిన దొంగ నిజంగానే వచ్చాడు.

జూన్ 6, శుక్రవారం

పొద్దున్నే మొదలుపెట్టాడు. ఈసారి మూసిన నిమిషానికే తెరుస్తున్నాడు. పట్టుదల గల దొంగ. మేనేజర్ గారు కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూచున్నారు. ఎంత నష్టం జరిగిందని అడిగారు. లోపల ఏవో ఆడియో ఫైళ్ళున్నాయి, పెట్టినవాళ్ళెవరో తెలియదు అన్నాను. గొట్టాలాయన ఒక్కడే కాస్త నసిగాడు. దొంగ అయితే తీసుకెళ్ళాలి కదా, ఇక్కడ ఫైళ్ళు లోపలికి రావాలని చూస్తున్నాయి గానీ బయటికి ఏవీ పోవట్లేదు అన్నాడు. దొంగలు ముందు వైరస్ పెడతారు, తర్వాత పట్టుకెళ్తారు అని నోరు మూయించాను.

నాలుగింటికి ఆ లాగిన్‌కి ఉన్న హక్కులన్నీ పీకేశాను. ఇప్పుడు లోపలికి రావచ్చు, చూడొచ్చు, ఏ బటనూ నొక్కలేరు.

జూన్ 8, ఆదివారం

రెండు రోజులుగా ఒక్క ప్రయత్నం లేదు. అత్తయ్య కళ్ళజోడు మార్పించాం. దారిలో ఆవిడ షాపుల బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చింది, నేను ఆపలేదు. మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయాను.

జూన్ 9, సోమవారం, ఉదయం 11:20

నా దొంగ దొరికింది. తనే మా ఫ్లోర్‌కి వచ్చింది.

స్పీచ్ థెరపిస్ట్. కింద మూడో అంతస్తులో ఉంటుందట. ఇన్నేళ్ళలో ఒక్కసారి చూడలేదు. నా వయసే ఉంటుంది. లిఫ్ట్ రాలేదని మెట్లెక్కి వచ్చి, ఆయాసంతోనే, ఇక్కడ గడియక్క ఎవరు అని అడిగింది. అందరూ నా వైపు చూశారు. పిల్లికి ఎలుకని అప్పగించినంత తేలిగ్గా అప్పగించేశారు.

ఆవిడ అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, సరిపోయేది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా చెప్పింది. గొంతు ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళలో కొందరికి స్వరపేటిక మొత్తం తీసేయాలి. ఆ తర్వాత ఇక మాట ఉండదు. అందుకని ముందుగానే వాళ్ళ గొంతు రికార్డు చేసి పెడతారు. దాంతో ఒక గొంతు తయారుచేసి ట్యాబ్‌లో పెట్టిస్తారు. ఆపరేషన్ తర్వాత వాళ్ళు టైప్ చేస్తే అది వాళ్ళ గొంతుతోనే మాట్లాడుతుంది. ఆస్పత్రికి వచ్చి గంటలకొద్దీ చదవడం కష్టం కాబట్టి ఇంట్లోనే, ఓపిక ఉన్నప్పుడే, ట్యాబ్‌లో చదువుతారు. ఆ రికార్డులు వచ్చి పడేది ట్రయల్-2లోకి. పెట్టినవాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. అప్‌లోడ్ ఆగితే ఈ లాగిన్‌తో వెళ్ళి ఈ బటన్ నొక్కమని మాత్రం చెప్పి వెళ్ళాడు.

మరి ఆ రెండు వారాలూ ఎవరూ ఎందుకు రాలేదు అన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. థెరపిస్ట్ నన్నోసారి చూసింది. చెల్లెలి కాన్పుకి సెలవు పెట్టిందట. ఆవిడ లేనప్పుడు కొత్తవాళ్ళకి ట్యాబ్‌లు ఇవ్వరు. అది కూడా సరిగ్గా ఆ రెండు వారాలే.

హెల్ప్‌డెస్క్‌కి చెప్పలేదా అన్నాను. గురువారమే చెప్పిందట. ట్రయల్ అని పేరుంది కదా, అందుకని తీరిక ఉన్నప్పుడు చూడాల్సినవాటిలో పడేశారు.

ఇప్పుడు ఒకరి దగ్గరే ట్యాబ్ ఉంది. డ్రైవింగ్ నేర్పే ఆవిడట. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గరే కారు నేర్చుకున్నారట, అందరూ డ్రైవింగ్ మేడమ్ అంటారట. ఆపరేషన్ పంతొమ్మిదిన. రూలు ఆన్ చేసిన రోజే ఆవిడ రికార్డింగ్ మొదలుపెట్టింది.

అప్‌లోడ్ కాకపోతే ట్యాబ్ ఏం చెబుతుంది అని అడిగాను. మళ్ళీ ప్రయత్నించండి అని చెబుతుందట.

ఆవిడ మళ్ళీ ప్రయత్నించిందట. ఒకే వాక్యం, పదే పదే. వారమంతా. తన గొంతు బాగోలేక మిషన్ తీసుకోవట్లేదనుకుందట.

సాయంత్రం 5:30

మీటింగ్. మేనేజర్ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. ట్రయల్-2 ఒక్కదానికి రూలు తీసెయ్. థెరపిస్ట్ కూడా అదే అడిగింది, పది రోజులే కదా అంది.

కుదరదన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటున్నానన్నట్టు అందరూ మొహాలు పెట్టారు. అయినా చెప్పాను. అందులో ఈవిడ ఒక్కరే లేదు, ఇప్పటిదాకా రికార్డు చేసినవాళ్ళందరి గొంతులూ ఉన్నాయి, పేర్లతో సహా. కొన్ని నిమిషాల గొంతు దొరికితే చాలు, ఎవడైనా ఆ మనిషిలాగే మాట్లాడుతూ కూతురికి ఫోన్ చెయ్యొచ్చు, బ్యాంకుకి చెయ్యొచ్చు. మాట పోయిన మనిషి ఫోన్ తీసుకుని అది నేను కాదని ఎలా చెబుతుంది?

మరి ఈవిడ సంగతేంటి అంది థెరపిస్ట్. మూయడం గురించి ఏం అడిగినా చెబుతాను, తెరవడం నాకు రాదు.

చివరికి గొట్టాలాయనే దారి చూపించాడు. అందరికీ తెరవొద్దు, ఆవిడ ఇంటి నెట్ అడ్రస్ ఒక్కటే అనుమతించండి. పంతొమ్మిది దాటగానే దానంతటదే రద్దయ్యేలా తేదీ పెట్టండి అన్నాడు. బాగుంది. ఆవిడ భర్తకి ఫోన్ చేసి అడ్రస్ ఎలా చూడాలో చెప్పాం. పాపం ఎంతో శ్రద్ధగా ఒక్కో అంకె రెండుసార్లు చదివాడు. ఎక్సెంప్షన్, అంటే రూలు నుంచి మినహాయింపు, రాసి, తేదీ పెట్టి, ఇంటికొచ్చాను.

అత్తయ్య ఏమైందే అని అడిగింది. ఏం లేదన్నాను. ఏమీ లేకపోతే అన్నంలో మజ్జిగ బదులు మంచినీళ్ళెందుకు పోసుకున్నావంది.

జూన్ 10, మంగళవారం

పనిచెయ్యలేదు.

ఇంటి నెట్ అడ్రస్ మారిపోయింది. రోజూ మారుతుంది. ఎందుకంటే ఆవిడ భర్త రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఉన్న స్విచ్‌లన్నీ ఆపేస్తాడు. టీవీ, మోటారు, రూటరు, అన్నీ. పెళ్ళైనప్పటి నుంచీ అలవాటట. పొద్దున రూటరు లేవగానే కొత్త అడ్రస్ వస్తుంది. మా గొట్టాలాయనకి గానీ నాకు గానీ ఈ ఆలోచన రాలేదు. ఆఫీసులో ఏ రూటరూ నిద్రపోదు కదా.

ఆవిడ పొద్దున కూచుని ఒక వాక్యం చదివిందట. మళ్ళీ ప్రయత్నించండి అంది ట్యాబ్. ఆవిడ ట్యాబ్ మూసేసి బీరువాలో పెట్టేసింది. ఇక వద్దంటోందట. గొంతు ఎలాగూ పోతోంది, పోయేముందు పనికిరాదని రోజూ చెప్పించుకోవడం ఎందుకు అని భర్తతో అందట. థెరపిస్ట్ ఫోన్‌లో ఈ మాట చెప్పి పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. నా రూలు తప్పు కాదు. ఆవిడ తప్పూ కాదు. థెరపిస్ట్‌దీ కాదు. ఎవరి తప్పూ కాకుండానే ఒక మనిషి నోరు మూయించాం. అది నాకు మింగుడు పడట్లేదు.

గొట్టాలాయన నా డెస్క్ దగ్గరికొచ్చి, అడ్రస్‌ని మన దగ్గరికి తెచ్చుకోలేం గానీ మన గొట్టాన్నే అక్కడికి పట్టుకెళ్ళొచ్చు కదా అన్నాడు. చిన్న ఆఫీసులకి ఇచ్చే కనెక్షన్ పెట్టె ఒకటి ఉంది, దానికి సొంత సిమ్ ఉంటుంది, ఇంటి రూటరుతో పనిలేదు. ఎక్కడ పెడితే అక్కడ మా లోపలి నెట్‌వర్క్ ఉన్నట్టే. అప్పుడు రూలు తీయక్కర్లేదు, ఎక్సెంప్షనూ అక్కర్లేదు. ఆవిడ ఇల్లే మా బిల్డింగ్‌లో ఒక గది అయిపోతుంది.

ఆ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదని అరిచాను. నిన్న మీరు మాట్లాడనిచ్చారా అన్నాడు. నిజమే.

జూన్ 11, బుధవారం

డ్రైవింగ్ మేడమ్ ఇంటికి వెళ్ళాం. నేను, గొట్టాలాయన, పెట్టె.

రెండో అంతస్తు. గుమ్మం పక్కన ఎరుపు రంగులో L అని రాసిన బోర్డులు దొంతర పెట్టి ఉన్నాయి. హాల్లో గోడకి ఆనించి ఒక పాత కారు సీటు. అందులో ఎవరూ కూచోరట, ఆవిడ తప్ప. ఆవిడ అందులోనే కూచుని ఉంది. పొట్టి మనిషి, నిటారుగా కూచుంది. మెడకి స్కార్ఫ్. నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది. లైసెన్స్ టెస్ట్‌లో ఫెయిలైన రోజు గుర్తొచ్చింది నాకు.

ఆవిడ మాట్లాడలేదు. డాక్టరు తక్కువ మాట్లాడమన్నాడు. భర్తే మాట్లాడాడు. ఆయన కూడా ఒకప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాడేనట. నెల రోజుల కోర్సు ఆర్నెల్లు సాగదీశానని చెప్పాడు. ఆవిడ చెయ్యి ఊపి సంవత్సరం అన్నట్టు వేలు చూపించింది.

గొట్టాలాయన పెట్టెని ఫ్రిజ్ మీద పెట్టి వైర్లు కలిపాడు. ప్లగ్ దగ్గర స్టిక్కర్ అంటించి, ఈ ఒక్క స్విచ్ మాత్రం ఆపొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఆ స్విచ్ వైపు దిగులుగా చూశాడు. ఇంతలో నేను ఫోన్‌లోనే పాత ఎక్సెంప్షన్ తీసేశాను.

అప్పుడు ఆయన నన్ను నెమ్మదిగా అడిగాడు. మేడమ్, ఇప్పుడు చదివితే మిషన్ తీసుకుంటుందా, గొంతు బాగా పాడైపోయింది, మొదటి రోజు కూడా తీసుకోలేదు కదా అని. ఆవిడ గోడ వైపు చూస్తోంది.

వాళ్ళకి చెప్పాను. మిషన్‌కి గొంతు బాగుందో లేదో తెలియదండీ. అది వినను కూడా లేదు. అది వెళ్ళాల్సిన చోట నేనొక రూలు పెట్టాను. ఎవరొచ్చినా ఆపమని. మీరొస్తున్నారని నాకు తెలియదు. ఆగిపోయింది మీ గొంతు బాగోలేక కాదు, నా రూలు వల్ల.

ఇంకా ఏదో చెప్పబోయాను. గొట్టాలాయన నా మోచేయి తాకాడు, ఆపాను.

ఆవిడ గోడ మీంచి నా వైపు తిరిగింది. తర్వాత మాట్లాడింది. బొంగురుగా, చివరి మాట దగ్గర గాలి మాత్రమే మిగిలిన గొంతుతో.

“అయితే... బాగోలేనిది నేను కాదన్నమాట.”

భర్త వంటింట్లోకి వెళ్ళిపోయాడు. పంపు తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

బీరువాలోంచి ట్యాబ్ తెచ్చి పెట్టెకి కలిపారు. ఆవిడ ఒక వాక్యం చదవబోయింది. సగంలో దగ్గు వచ్చింది. ఇంకోసారి. రెండోసారి కూడా సగమే. ఆ సగమూ వెళ్ళింది, పచ్చ టిక్ కూడా పడింది. కానీ ఆ గొంతు ఆవిడది కాదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆవిడ ట్యాబ్ పక్కన పెట్టి, పర్వాలేదులే అన్నట్టు నా చెయ్యి తట్టింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి బాత్‌రూంలో కూచుని ఏడ్చాను. బయటికొస్తే అత్తయ్య టవల్ పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ అడగలేదు. ఆవిడ అడగకపోవడం ఇదే మొదటిసారి.

జూన్ 12, గురువారం, ఉదయం 6:50

ఫోన్‌లో అలర్ట్. ట్రయల్-2లోకి రాత్రంతా వరదలా ఏవో వచ్చి పడ్డాయి, ఇంకా పడుతున్నాయి. వస్తున్నది ఫ్రిజ్ మీది పెట్టె నుంచి. మనుషులు చదివితే ఇంత వేగంగా రావు. ఆ పెట్టె పెట్టింది నేను. ఎవరో దాన్ని పట్టుకుని లోపలికి దూరారు.

బ్లాక్ అన్న బటన్ మీద వేలు పెట్టాను.

తీశాను. ముందు అడుగుదాం అనుకున్నాను. థెరపిస్ట్‌కి ఫోన్ చేశాను.

7:15

మూడోసారికి ఎత్తింది. నిద్రగొంతుతో ఏంటి మళ్ళీ మూసేశారా అంది. లేదు, మూయాలా అని అడగడానికే చేశాను అన్నాను. సంగతి చెప్పాను. ట్యాబ్ రాత్రి ఎక్కడుందో అడిగి చెబుతానంది.

7:40

ట్యాబ్ హాల్లో ఛార్జింగ్‌లో ఉందట. నిన్న బీరువాలోంచి తీశారు కదా, ఛార్జ్ అయిపోయిందని ఆయన రాత్రి పెట్టి పడుకున్నాడు.

8:30

ఆఫీసుకి పరిగెత్తాను. థెరపిస్ట్ నాకన్నా ముందే వచ్చి నా కుర్చీలో కూచుంది. ఇద్దరం కలిసి యాప్ రాసినవాళ్ళకి ఫోన్ చేశాం. వాళ్ళు ఎంతో మామూలుగా చెప్పారు. అవునండీ, వెళ్ళని రికార్డులు మా యాప్ పారెయ్యదు. అన్నీ దాచిపెట్టుకుని, ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, రాత్రిపూట మళ్ళీ పంపుతుంది అని.

రాత్రిపూట. ఆ ఇంట్లో రాత్రిపూట రూటరు ఉండదు. నిన్న రాత్రే మొదటిసారి ఆపని స్విచ్ ఒకటి ఉంది.

థెరపిస్ట్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక ఫైలు తెరిచింది. జూన్ రెండో తారీఖుది. వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఏంటి ఏంటి అంటున్నాను. ఆవిడ హెడ్‌ఫోన్ తీసి నాకివ్వబోయి ఆగింది. నేనూ చెయ్యి చాపి ఆగాను. వినే హక్కు నాకు లేదు. ఆ రూలు రాసింది కూడా నేనే.

ఉంది, మొత్తం ఉంది, అంది. బొంగురు రాకముందు గొంతు.

టేబుల్ మీద కొట్టాను. మేనేజర్ గారు గదిలోంచి వచ్చి మళ్ళీ దొంగా అని అడిగారు.

జూన్ 13, శుక్రవారం

థెరపిస్ట్ మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ పట్టుకుని మా ఫ్లోర్‌కి వచ్చేసింది. తింటూ చెప్పింది.

గొంతు తయారుచేసేవాళ్ళు ఎగిరి గంతేస్తున్నారట. మామూలుగా జనం ఇచ్చిన వాక్యాల్ని పాఠం అప్పజెప్పినట్టు చదువుతారు. వాటితో చేసిన గొంతు కూడా పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. ఈవిడ ఒకే వాక్యాన్ని వారమంతా చదివింది. ఈ రోజు గాలి చల్లగా ఉంది అన్న వాక్యం. మొదట మర్యాదగా. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత చిన్నపిల్లకి చెప్పినట్టు బతిమాలుతూ. తర్వాత పళ్ళు కొరుకుతూ. చివరికి, చల్లగా ఉంది అంటే వినపడట్లా, చెవుల్లో ఏం పెట్టుకున్నావ్ అని ట్యాబ్‌ని తిట్టింది. మధ్యలో మైకు ఆపడం మర్చిపోయి భర్తని కేకేసింది. ఆయనేదో అంటే నవ్వింది. అలాంటి నవ్వు కావాలంటే ఎవర్ని ఎలా అడగాలో మాకు తెలియదంటున్నారట వాళ్ళు.

ఒక్క నా విషయంలో మాత్రం థెరపిస్ట్ మెత్తబడలేదు. అదృష్టం బాగుండి దక్కింది, మీ గొప్పేం లేదు అంది. లేదని ఒప్పుకున్నాను. నా డబ్బాలోంచి సగం తీసుకుని వెళ్ళింది.

జూన్ 16, సోమవారం

రూలు మార్చాను. మెత్తగా చెయ్యలేదు, ఇంకా గట్టిగా చేశాను. ఇక మీదట యజమాని పేరు లేకుండా ఒక్క స్టోరేజ్ కూడా తయారు కాదు. పేరంటే మనిషి పేరు, ఫోన్ నంబరుతో. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఇంకో పేరు ఇచ్చేదాకా రూలు నస పెడుతుంది. ఇక మూసేముందు ఆ మనిషికి కబురు పంపాలి. ఎవరూ రాలేదని లాగ్ చెబితే చాలదు, మనిషి వెళ్ళి తలుపు తట్టి రావాలి. తట్టాల్సిన పని నాదే. మేనేజర్ గారు ఆటోమేషన్ అంటే ఇదేనా అన్నారు. కాదు సర్, ఆటోమేషన్‌కి ముందు పని ఇది అన్నాను.

యజమాని లేనివి ఇంకా పదకొండు ఉన్నాయి. ఇవాళ మూడు ఫ్లోర్లు తిరిగాను. ఫిజియోథెరపీ వాళ్ళు నన్ను చూసి పేషెంట్ అనుకుని పడుకోబెట్టబోయారు.

ట్రయల్-2 పేరు కూడా మారింది. యజమాని: థెరపిస్ట్. ఆవిడ సంతకం పెడుతూ, అమ్మయ్యా ఇప్పుడు నేను అధికారికంగా దొంగని అంది.

జూన్ 18, బుధవారం

రేపే.

జూన్ 19, గురువారం, మధ్యాహ్నం 2:10

పొద్దున్నుంచి పని పేరుతో మూడో అంతస్తులోనే ఉన్నాను. గొట్టాలాయన కూడా. అక్కడ గొట్టాలేవీ పూడలేదు, అయినా ఉన్నాడు. డ్రైవింగ్ మేడమ్ భర్త కారిడార్‌లో నడుస్తున్నాడు. చివరిదాకా వెళ్ళి ట్యూబ్‌లైట్ స్విచ్ ఒకటి ఆపి వచ్చాడు. నర్సు మళ్ళీ వేసింది.

ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు ఆవిడ ఆయనతో ఏం చెప్పిందో ఆయన మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

4:45

బాగా జరిగింది. డాక్టరు రెండుసార్లు చెప్పాడు, బాగా జరిగింది అని. ఆవిడ భర్త మాత్రం మూడోసారి కూడా అడిగాడు.

జూన్ 27, శుక్రవారం

ఆవిడ కోలుకుంటోంది. పలక మీద రాసి అందరికీ పనులు పురమాయిస్తోందట. గొంతు ఇంకా తయారవలేదు. థెరపిస్ట్‌ని రోజుకి రెండుసార్లు అడుగుతున్నాను. మీ రూలు గంటకోసారి వస్తుంది కదా, మీరే నయం అంది.

జూలై 9, బుధవారం

ఇళ్ళ నుంచి వచ్చే రికార్డుల కోసం మేం రాస్తున్న గేటు, అంటే కాపలా ప్రోగ్రాం, పూర్తయింది. నాలుగు వారాలు పట్టింది. ఇక ఏ ఇంటి నుంచి రికార్డు చేసినా ముందు గేటు దగ్గరికి వస్తుంది. గేటు ఆ ట్యాబ్ ఎవరిదో చూసి, దాన్ని మాత్రమే, దాని వంతు మాత్రమే లోపలికి పంపుతుంది. లోపలి స్టోరేజ్ ఎవరికీ కనపడదు. ఇక ఏ ఇంట్లోనూ ఫ్రిజ్ మీద పెట్టె అక్కర్లేదు. రూటరు ఆపుకునేవాళ్ళు ఆపుకోవచ్చు.

కొత్తగా ఇద్దరికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఒకాయన టైలరు, ఒకమ్మాయి కాలేజీ లెక్చరర్. రాత్రి రూటరు ఆపుతారా అని నేనే ఫోన్ చేసి అడిగాను. టైలరు నవ్వాడు. అమ్మాయి ఎందుకడుగుతున్నారని నాలుగు ప్రశ్నలు వేసింది. నాకు నచ్చింది. వెళ్ళకపోతే ట్యాబ్ ఏమంటుందో కూడా మార్పించాం. ఇప్పుడు, మీ గొంతు మా దగ్గర భద్రంగా ఉంది, పంపే పని మాది అంటుంది. ఆ వాక్యం రాసింది థెరపిస్ట్. నేను రాసింది ఆవిడకి నచ్చలేదు. మరీ పోలీసులా ఉందట.

జూలై 18, శుక్రవారం

గొంతు తయారైంది. ఆవిడ ట్యాబ్‌లో పెట్టారు. మొదటి మాట ఏం టైప్ చేసిందని అడిగితే థెరపిస్ట్ చెప్పలేదు. పేషెంట్ సమాచారం, మీకు హక్కు లేదు అంది. ఆ మాట అనడం కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నట్టుంది.

జూలై 27, ఆదివారం

డ్రైవింగ్ మేడమ్, ఆవిడ భర్త మా ఇంటికి వచ్చారు. ఇంకా లోపలికి రాలేదు. ఇప్పటికి చాలాసేపటి నుంచి గేటు ముందు కారు పార్క్ చేస్తున్నారు. స్టీరింగ్ దగ్గర ఆయన, పక్కన ఆవిడ, ఒళ్ళో ట్యాబ్.

అద్దం చూడండి. అటు కాదు, ఎడమ. అది ఎడమా? ఎవరు నేర్పారండీ మీకు డ్రైవింగ్?

నేనీ గొంతు ఇంతకుముందు వినలేదు. వీధి చివరిదాకా వినిపిస్తోంది.

అత్తయ్య వెళ్ళి సాయం చెయ్యమంటోంది. వెళ్ళను. ఆయన నవ్వుకుంటూ మళ్ళీ కుడి వైపే తిప్పుతున్నాడు.